తవుడు పోసి తీసుకున్న బిడ్డ

దెస్సీ, ఇథియోపియా
8 సెప్టెంబరు 1963

గోవిందక్కకు, చెల్లె అరుణ దండాలు.

నువ్వు పంపిన చింతపండు, ఎండుమిరపకాయల మూట చేరింది. కస్టమ్సు వాళ్ళు మూట విప్పి వాసన చూసి తుమ్మి, తొందరగా తిరిగి కట్టేశారట. ఆయన ఇంటికి తెచ్చి నవ్వుతూ చెప్పారు. నెల రోజుల తర్వాత ఇంట్లో పులుసు వాసన వచ్చింది.

ఆయన బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్ళాక నాకు పొద్దు గడవదని రాశాను కదా. ఇప్పుడు ఆ బాధ లేదు. మా ఇంటికి రెండు వీధుల అవతల పిల్లల పోషణ కేంద్రం పెట్టారు. తిండి లేక చిక్కిపోయిన పిల్లలను, ఒళ్ళు ఉబ్బిన పిల్లలను చుట్టుపక్కల కొండల మీది ఊళ్ళ నుంచి తీసుకొస్తారు. దాన్ని నడిపే తెల్ల నర్సమ్మ ఒకరోజు మా వాకిట్లోకి వచ్చి, పిల్లలను ఒళ్ళో పట్టుకొని పాలు పట్టేవాళ్ళు కావాలని అడిగింది. జీతం లేదు. మంత్రాలూ మతం మార్పిడీ ఉండవని ఆమే చెప్పింది. ఆయన కూడా వెళ్ళమన్నారు. ఇప్పుడు రోజూ పొద్దున పూజ కాగానే వెళ్తున్నాను.

పని చిన్నదే, కానీ ఓపిక కావాలి. పాలపొడి, నూనె, చక్కెర కలిపి కాచిన పాలు రెండు గంటలకోసారి చెంచాతో పట్టాలి. ఆకలి చూసి జాలిపడి ఎక్కువ పడితే చిన్న గుండె తట్టుకోదట. జాలిని కూడా చెంచాతో కొలవాలని అప్పుడే తెలిసింది. ఉబ్బిన పిల్లలను చూస్తే మొదట బొద్దుగా ఉన్నారనుకుంటాం. కాలి మీద వేలితో నొక్కితే అక్కడ గుంట అట్లాగే ఉండిపోతుంది. జుట్టు ఎర్రబడి ఉంటుంది. వాళ్ళు ఏడవరు, నవ్వరు. నవ్విన రోజు ఆ పిల్ల బతికినట్టేనని నర్సమ్మ చెబుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన గురువారం అల్మాజ్ అనే ఒకామె రెండేళ్ళ పిల్లను తీసుకొచ్చింది. పిల్ల పేరు తిరునేష్. అంతకు ముందు ఇద్దరు పిల్లలు పోయారని వంటామె మామితె చెప్పింది. రెండు రోజులు పిల్ల దగ్గరే కూర్చుంది. మూడో రోజు పొద్దున లేచి, పిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టి, నా మోకాళ్ళు ముట్టుకొని, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయింది. అక్కా, ఇది మన ఆచారమే కదా! పిల్లలు దక్కని తల్లి బిడ్డను ఇంకొకరి ఒళ్ళో పెట్టి, మళ్ళీ భిక్షం అడిగి తెచ్చుకోవడం. సముద్రం దాటి వచ్చినా తల్లుల భయం ఒక్కటే అనుకున్నాను.

నియమాలు నాకు సరిగ్గా తెలియవు. మా బాబు పుట్టినప్పుడు చేటలో తీసుకున్నది నువ్వే. నేను బాలింత జ్వరంలో ఉన్నాను. నాకు ఏదీ గుర్తు లేదు. లేచి వచ్చి అడగలేకపోయాను కాబట్టే వాడు దక్కలేదని ఇన్నేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. ఈ పిల్ల విషయంలో తప్పు జరగకూడదు. ఏమేం చేయాలో వెంటనే రాయి. బావకు దండాలు చెప్పు.

నీ చెల్లె
అరుణ


పానగల్
4 అక్టోబరు 1963

మా అరుణకు అక్క దీవెనలు. సోమప్ప దేవుడు నిన్ను, మరిదిని చల్లగా చూడాలి.

నీ ఉత్తరం మీ బావ పైకి చదివారు. కళ్ళజోడు తీసి, "పొద్దుగాల్ల లేస్తే మన ఈదమ్మ మనుమని ముక్కు తుడిచెటోళ్ళు లేరు. నీ చెల్లెకు ఈడ పిల్లలు కరువైన్రని సముద్రం దాటి పోయి ముక్కులు తుడుస్తాంది" అన్నారు. "తుడిచే చెయ్యి ఉన్నామె ఏడికి పోయినా తుడుస్తది, నువ్వు జర ఊకో" అన్నాను. అన్నానే గాని ఆ మాట గుచ్చుకుంది. తెల్లారి ఈదమ్మ ఇంటికి పోయి చూశాను. ఆ పిల్లగాని కాళ్ళు నువ్వు రాసినట్టే ఉబ్బి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడింది. తల్లి మళ్ళీ కడుపుతో ఉంది, ఏడాదిన్నర పిల్లగాడు గంజి నీళ్ళ మీదనే ఉన్నాడు. మీరు ఏం పెడుతున్నారో నాకు తెలిసేటట్టు రాయి.

నువ్వు అడిగినది చెబుతాను. బిడ్డను చేటలో తీసుకోవాలి. చేట లేకపోతే వెదురు తట్ట అయినా సరే. తీసుకునేటప్పుడు తల్లి చేతిలో గుప్పెడు తవుడు పోయాలి. నువ్వు అప్పుడు పోయలేదు కాబట్టి ఆమె మళ్ళీ వచ్చినప్పుడు పోయాలి. అంతవరకు బిడ్డను నీదానిగానే చూడాలి, తల్లి పేరు ఎత్తకూడదు. అన్నింటికన్నా పెద్ద నియమం, తల్లి తానే వచ్చి, కొంగు పట్టి, నోటితో అడగాలి. అడగనిదే ఇవ్వకూడదు. అడగకుండా ఇస్తే ముందు పిల్లలను పట్టిన గండమే ఈ పిల్లను పడుతుందని మన అవ్వ చెప్పేది.

మీ బాబు సంగతి ఎందుకు తవ్వుకుంటావు? అన్నీ నియమం ప్రకారమే జరిగాయి. నీకు జ్వరం వచ్చింది, అది నీ చేతిలో లేదు. ఆ మాట మనసులో నుంచి తీసెయ్యి.

వాన లేదు. జొన్న మోకాలెత్తులోనే ఆగింది.

అక్క
గోవిందమ్మ


దెస్సీ
2 నవంబరు 1963

అక్కకు దండాలు.

నీ ఉత్తరం రాకముందే ఒక శుభం జరిగింది. తిరునేష్ నవ్వింది! నేను నా గాజులు కదిలిస్తూ పాలు పడుతుంటే, చెంచా పక్కకు తోసి గాజు పట్టుకొని నవ్వింది. మామితె గరిటె కింద పడేసి వచ్చి చూసింది. నర్సమ్మ తన పుస్తకంలో ఆ రోజు తేదీ కింద గీత గీసింది.

ఇరవై రోజులకు ఉబ్బు తీసింది. ఉబ్బు తీశాక చూస్తే ఎంత బక్కదో. ఇప్పుడు కొంచెం కండ పట్టింది. కేంద్రంలో మంచాలు తక్కువ, కొత్తగా వచ్చిన పిల్లలకు చోటు కావాలి. తల్లి రాలేదు. అందుకని నర్సమ్మ అనుమతితో ఇంటికి తెచ్చుకున్నాను. బజారులో గడ్డితో అల్లిన తట్ట కొని, అందులో కూర్చోబెట్టి గడప దాటించాను. గుప్పెడు తవుడు గుడ్డలో కట్టి దేవుని దగ్గర ఉంచాను, తల్లి వచ్చినప్పుడు పోయడానికి. భిక్షమ్మ అని పిలుస్తున్నాను. పిలిస్తే తల తిప్పుతోంది.

ఆయనకు మాత్రం ఇది నచ్చలేదు. మొన్న అన్నం తింటూ, "అరుణా, గీ పొల్ల మనది కాదు. జర యాదిల పెట్టుకో" అన్నారు.

"నాకు తెల్వదా? భిక్షం బిడ్డను గిట్లనే సూడాలె. అక్క రాసింది."

"అక్క పానగల్ల కూసొని రాసింది. గీ పొల్ల తల్లికి పానగల్ తెలుసా?"

నేను పులుసు గిన్నె ఆయన ముందుకు జరిపాను. ఆయన మాట్లాడేదంతా లెక్కలాగే ఉంటుంది, మనసుకు పట్టదు.

ఈదమ్మ మనుమనికి పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టమను. పెసరపప్పు మెత్తగా ఉడికించి నూనె చుక్క వేసి పెట్టు. పల్లీలు వేయించి మెత్తగా నూరి బెల్లంతో కలిపి పెట్టు. ఒకేసారి ఎక్కువ పెట్టవద్దు.

ఈ పిల్ల నా కొంగు నోట్లో పెట్టుకొని నిద్రపోతుంది. ఇది రాస్తుంటే కూడా కొంగు దాని నోట్లోనే ఉంది.

అరుణ


పానగల్
28 నవంబరు 1963

అరుణమ్మకు దీవెనలు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను సోమప్ప గుడికి పోయి కొబ్బరికాయ కొట్టాను. మూడు నెలలవుతున్నా ఆ తల్లి రాలేదంటే ఆమె మనసులో ఏముందో అర్థం కావడం లేదా నీకు? దేవుడు నీ ఒడి నింపాడు. ఇన్నాళ్ళు ఉపవాసాలు ఉన్నదానివి, ఇచ్చినప్పుడు అనుమానించవద్దు. నియమం తప్పకు, అంతే.

మరిది కాంట్రాక్టు వచ్చే ఎండాకాలంతో తీరుతుంది కదా. పిల్లను వెంట తీసుకొనే రండి. దర్జీ పెద్దులు దగ్గర రెండు గౌన్లు కుట్టించాను. కొలత తెలియక కొంచెం పెద్దగానే పెట్టమన్నాను. మీ బావ కూడా మెత్తబడ్డారు. "నల్లగ ఉంటదా?" అని పక్కింటి గుర్వమ్మ అడిగితే, "నువ్వేమన్న తెల్లగున్నవా?" అని ఆమె నోరు మూయించారు.

ఈదమ్మ మనుమడు గోడ పట్టుకొని నడుస్తున్నాడు. రోజూ మా ఇంటికి తీసుకొచ్చి నేనే పెడుతున్నాను. ఇంకో ఇద్దరు తల్లులు కూడా వస్తున్నారు. పల్లీలు నూరి నూరి చెయ్యి గుంజుతోంది.

అక్క


దెస్సీ
26 డిసెంబరు 1963

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. అయినా ఏదో తప్పు జరిగిందని మనసు చెబుతోంది.

పోయిన ఆదివారం పొద్దున వాకిలి ఊడ్చి తల ఎత్తితే గేటు బయట అల్మాజ్ నిలబడి ఉంది. తెల్లగుడ్డ భుజాల మీద కప్పుకొని, చేతులు ఆ గుడ్డలోనే ముడుచుకొని, తల వంచుకొని ఉంది. నేను లోపలికి పోయి దేవుని దగ్గర ఉన్న తవుడు తెచ్చుకున్నాను. పిల్లను ఎత్తుకొని వరండాలో నిలబడ్డాను. గేటు తీసే ఉంది. ఆమె కొంగు పడుతుందని, ఏదో ఒక మాట అంటుందని ఎదురు చూశాను. ఆమె అడగలేదు. ఒకసారి పిల్ల వైపు చూసి మళ్ళీ తల దించుకుంది. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా ఇద్దరం అట్లాగే ఉన్నాం. తర్వాత ఆమె వెళ్ళిపోయింది.

సోమవారం మళ్ళీ వచ్చింది. అదే తీరు. పిల్ల ఆమెను చూసి నా మెడలో ముఖం దాచుకుంది. అది కూడా ఆమె చూసింది.

మంగళవారం ఆయన బడికి పోతూ గేటు దగ్గర ఆమెను చూసి వెనక్కి వచ్చారు. "అరుణా, ఆమెను లోపటికి పిల్వు."

"అడగనియ్యండి. అడిగితే ఇచ్చేస్త. అడగనిదే ఇస్తే పొల్లకు మంచిది గాదు."

"నువ్వు పొల్ల కోసం ఆగుతున్నవా, నీ కోసం ఆగుతున్నవా?"

ఆ మాట ఆయన గట్టిగా అనలేదు. అని వెళ్ళిపోయారు. నేను వరండా దిగలేదు. మధ్యాహ్నానికి అల్మాజ్ నేల మీద వంగి, గేటు దగ్గరి మట్టిని వేళ్ళతో ముట్టుకొని వెళ్ళిపోయింది. నిన్న రాలేదు, ఈరోజు రాలేదు.

మామితెకు చెబితే ఆమె పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. తమ వాళ్ళలో సాయం పొందినవాళ్ళు ఆ గడప ముందు నిలబడతారట, అంతే. నోరు తెరిచి అడగడం చేసిన మేలును మరిచినట్టట. ఇంటివాళ్ళే "లోపలికి రా" అనాలి. అనకపోతే కాదన్నట్టు. అల్మాజ్ ఎవరికీ బిడ్డను భిక్షం వేయలేదని, మొగుని కాలు విరిగితే పంట చేతికి వచ్చేదాకా కాపలా కాయడానికి వెళ్ళిందని కూడా చెప్పింది. ఆ సంగతి కేంద్రంలో అందరికీ తెలుసట. నేను ఎవరినీ అడగలేదు. నాకు అన్నీ తెలిసినట్టే అనిపించింది కదా.

ఆయన నాతో అవసరానికి తప్ప మాట్లాడడం లేదు. పిల్ల ఆడుకుంటోంది. నేను దాన్ని వదిలిపెట్టలేను అక్కా. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. అడిగితే ఇస్తానన్నాను గాని, అడగకూడదనే ప్రతి రోజూ మొక్కుకున్నాను. నువ్వు రాసిన నియమం ఇంకా నిలబడుతుందా? ఆమె అడగలేదు కాబట్టి పిల్ల నాదేనా? నువ్వు అవునంటే నేను ఇక ఆలోచించను.

అరుణ


పానగల్
20 జనవరి 1964

అరుణా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. మీ బావకు ఇవ్వకుండా నేనే చదువుకున్నాను. ఈ జవాబు ఆయనకు కూడా చూపించడం లేదు.

పిల్ల నీది కాదు. ఈ ఉత్తరం అందిన రోజే తీసుకుపోయి ఇచ్చెయ్యి. నియమం నేను చెప్పిందే, తప్పని కూడా నేనే చెబుతున్నాను. ఎందుకో చెప్పకపోతే నువ్వు వినవు. అందుకని చెబుతున్నాను.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు మీ బాబు పుట్టాడు. మొదటి పాప పోయింది కాబట్టి వీడిని భిక్షం బిడ్డగా తీసుకోవాలన్నారు. పుట్టిన రోజే నేను చేటలో తీసుకొని తవుడు పోసి వాకిలి అవతల మా ఇంటికి తెచ్చాను. నువ్వు ఆ సాయంత్రమే వచ్చి అడగాలి. నీకు జ్వరం ఎక్కింది. మరిది అప్పుడు హైదరాబాదులో ట్రైనింగులో ఉన్నాడు. నేను బాబుకు మేకపాలు దూది వత్తితో పట్టాను. వాడు సగం తాగేవాడు, సగం కక్కేవాడు. "పిల్లగాన్ని తల్లి పక్కల ఏద్దాం" అని నేను అంటే అవ్వ, "అడగనిదే ఇస్తవా? రేపు ఏమన్న అయితే నీ నెత్తి మీదికే వస్తది" అంది. నేను భయపడ్డాను. బాబు కోసం కాదు, ఆ మాట నా మీద పడుతుందని.

మూడో రోజు పొద్దున నువ్వు వచ్చావు.

అవును, వచ్చావు. గోడ పట్టుకొని, కాళ్ళు ఈడుస్తూ వాకిలి దాటి మా గడప దగ్గరికి వచ్చి నిలబడ్డావు. నీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నోట మాట లేదు. బాబు నా చేతిలో ఉన్నాడు, నీకు నాలుగు అడుగుల దూరంలో. నేను ఇవ్వలేదు. "కొంగు పట్టు చెల్లె, ఒక్క మాట అను" అని నేనే నిన్ను అడిగాను. నీ పెదవులు కదిలాయి, మాట రాలేదు. అక్కడే కూలిపోయావు. నిన్ను లోపలికి మోసుకుపోయారు. ఐదో రోజు నీ జ్వరం దిగేసరికి బాబు పోయాడు.

నీకు ఏదీ గుర్తు లేదన్నావు. అవ్వ నా చేత ఒట్టు వేయించుకుంది. "పాపం లేవలేకపోయింది" అని అందరితో చెప్పాం. నువ్వు కూడా అదే నమ్మావు. రాలేదని నిన్ను నువ్వు తిట్టుకుంటూ సోమప్ప ముందు ఏడ్చినప్పుడల్లా నేను నీ పక్కనే కూర్చున్నాను. నోరు తెరవలేదు. పద్నాలుగేళ్ళు.

పోయిన అక్టోబరులో నీకు ఆ నియమం రాసినప్పుడు కూడా నాకు ఇది గుర్తుంది. గుర్తుండి కూడా రాశాను. ఆ నియమం తప్పని ఒప్పుకుంటే నేను చేసింది ఏమవుతుంది? అందుకే పట్టుకొని వేలాడాను.

వచ్చి నిలబడడమే అడగడం అరుణా. అంతకన్నా తల్లి ఏమి అడుగుతుంది? ఆమె మూడు రోజులు అడిగింది. నువ్వు కూడా అడిగావు.

గౌన్లు ఈదమ్మ కోడలికి పుట్టబోయే బిడ్డ కోసం ఇచ్చేశాను. నాకు జవాబు రాయాలనిపించకపోతే రాయకు.

గోవిందమ్మ


దెస్సీ
8 మార్చి 1964

అక్కా,

నీ ఉత్తరం ఫిబ్రవరి పన్నెండున అందింది. చదివి ఆయన చేతికిచ్చాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి రెండుసార్లు చదివారు. ఉత్తరం మడిచి, "దీని గురించి తర్వాత ఏడుద్దాం అరుణా. ముందు పొల్లను తోల్కపోదాం" అన్నారు.

తెల్లారి బడి లారీలో రోడ్డు ఉన్నంత దూరం పోయాం. మామితె దారి చూపడానికి వచ్చింది. అక్కడి నుంచి కొండ ఎక్కాలి. ఆయన పిల్లను భుజం మీద ఎక్కించుకున్నారు. ఇన్నాళ్ళలో ఆయన దాన్ని ఎత్తుకోవడం అదే మొదలు.

అల్మాజ్ గుడిసె గోడకు మట్టి మెత్తుతోంది. మమ్మల్ని చూసి చేతులు అట్లాగే గాలిలో ఉంచి నిలబడింది. దగ్గరికి రాలేదు. నేనే వెళ్ళి పిల్లను ఆమె ముందు దించాను. మామితెతో, "తప్పు నాదే. లోపలికి పిలవాల్సింది, పిలవలేదు" అని చెప్పించాను. అల్మాజ్ తల ఊపింది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

తిరునేష్ తల్లి దగ్గరికి పోలేదు. నా కొంగు పట్టుకొని ఏడ్చింది. అల్మాజ్ లాక్కోలేదు. చేతులు కడుక్కొని వచ్చి కొంచెం దూరంలో నేల మీద కూర్చుంది. కుంటుకుంటూ మొగుడు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాం. పొద్దు చాలా వాలింది. చివరికి ఆకలై పిల్ల తల్లి చేతిలోని రొట్టె ముక్క కోసం పాక్కుంటూ పోయింది. తిని అక్కడే ఉండిపోయింది. ఆయన నా చెయ్యి పట్టి లేపారు. వెనక్కి తిరిగి చూడవద్దన్నారు. చూశాను.

ఇక నీ సంగతి. పదకొండు రోజులు నీ పేరు తలచుకుంటే ఒళ్ళు మండింది. బాబు పోవడం కాదు, వచ్చానన్న మాట నా నుంచి దాచడం. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఎన్ని రాత్రులు పడుకునేదాన్నో. పూజకు కూర్చున్నా మనసు నిలవలేదు. పన్నెండో రోజు కేంద్రంలో ఒక బిడ్డకు పాలు పడుతుంటే, నువ్వు దూది వత్తితో మేకపాలు పట్టడం కళ్ళ ముందుకు వచ్చింది. రెండు గంటలకోసారి పట్టి ఉంటావు. నీకు తెలిసినంత చేశావు, భయపడినంత పాడు చేశావు. నేను కూడా అంతే చేశాను, ఇక్కడ వరండాలో నిలబడి. కోపం పోయిందని రాయలేను. కానీ నువ్వు రాయకుండా ఉంటే నేను ఇంకా ఆ వరండాలోనే ఉండేదాన్ని.

మొన్న బుధవారం అల్మాజ్ పాలపొడి కోసం కేంద్రానికి వచ్చింది. వరుసలో చాలామంది ఉన్నారు. ఆమె అటూ ఇటూ చూసి, నేరుగా నా దగ్గరికి వచ్చి తిరునేష్‌ను నా ఒళ్ళో పెట్టి వరుసలో నిలబడడానికి పోయింది. పొడి గుడ్డలో కట్టుకొని వచ్చి చేతులు చాపింది. ఇచ్చాను. పిల్ల కొంచెం బరువు పెరిగింది.

అక్కా, నిన్ను ఒకటి అడుగుతున్నాను, నోరు తెరిచే అడుగుతున్నాను. జ్వరంలో నేను బాబు ముఖం చూసిన గుర్తు లేదు. ఆ ఐదు రోజులు వాడిని చూసింది నువ్వే. వాడు ఎట్లా ఉండేవాడో రాయి. జుట్టు ఉండేనా, ఎవరి పోలిక, పాలు తాగేటప్పుడు కళ్ళు తెరిచేవాడా. ఏదీ దాచకుండా రాయి.

నీ చెల్లె
అరుణ